డబ్బాలో నాలుగు డిస్కులు.. తాళం ఒక్కదాంట్లోనే!

మీ కంప్యూటర్‌లో ఎన్ని డ్రైవ్‌లు ఉన్నాయని అడిగితే చాలామంది "సీ, డీ, ఈ.. మూడు" అంటారు. అవి డ్రైవ్‌లు కావు, గదులకు పెట్టిన పేర్లు. ఒకే డిస్కును మూడు ముక్కలు చేసి మూడు అక్షరాలు తగిలించి ఉండొచ్చు. లోపల నాలుగు డిస్కులు ఉండి కూడా బయటికి మూడే కనపడొచ్చు. ఈ తేడా తెలియకుండానే ఏళ్ల తరబడి హాయిగా బతికేయొచ్చు. డబ్బా మూత తీసి అందులోంచి ఒక డిస్క్ పీకేసే రోజు వస్తే మాత్రం కుదరదు.

మా చిన్నాన్నకు ఆ రోజు మొన్న సంక్రాంతికి ముందు వచ్చింది.

ఆయనకు ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో ఉంది. ఆళ్లగడ్డ అనగానే మీకు ఫ్యాక్షన్ సినిమాలు గుర్తొస్తే అది మీ తప్పు కాదు గానీ, ఆ ఊరికి నిజంగా పేరు తెచ్చింది శిల్పులు. రోడ్డు పక్కన సగం చెక్కిన విగ్రహాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఉలి చప్పుడు, దానికి తోడు ఇప్పుడు గ్రైండర్ల రొద. ఆ రాతి దుమ్ము చిన్నాన్న కంప్యూటర్ ఫ్యాన్‌లో కూడా ఉంటుంది. అహోబిలంలో జరిగే పెళ్లిళ్లు, చుట్టుపక్కల పల్లెల్లో ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు.. ఇరవై ఏళ్లుగా అన్నీ తీస్తున్నాడు. తీసింది తీసినట్టు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. మెమరీ కార్డులు తర్వాతి పెళ్లికి కావాలి కాబట్టి వారం తిరక్కుండా ఫార్మాట్ అయిపోతాయి. అంటే ఆ డబ్బాలో ఉన్నదే అసలు, ఉన్నదే నకలు.

ఆ డబ్బా చరిత్ర కొంచెం చెప్పాలి. 2017లో నంద్యాలలో అసెంబుల్ చేయించాడు. అప్పుడు అందులో ఉన్నది 1 టీబీ హార్డ్ డిస్క్ ఒక్కటే. తర్వాత పెళ్లిళ్ల డేటా కోసం 2 టీబీది ఇంకొకటి పెట్టించాడు. 2020 చివర్లో ఎడియస్ మరీ నత్తలా నడుస్తోందని 240 జీబీ ఎస్ఎస్‌డీ తగిలించి, దాంట్లోకి విండోస్ 10 మళ్లీ కొత్తగా వేయించాడు. నాలుగోది మా తమ్ముడిది, అంటే చిన్నాన్న కొడుకుది. వాడు నంద్యాలలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. పెళ్లిళ్లలో ఫోకస్ లైటు పట్టుకుని నిలబడినందుకు వాళ్ల నాన్న ఇచ్చిన డబ్బులు దాచుకుని, 256 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ కొనుక్కున్నాడు. మదర్‌బోర్డు మీద ఆ స్లాట్ ఖాళీగా ఉందని వాడే కనిపెట్టాడు. దసరా సెలవుల్లో దాంట్లోకి లైనక్స్ వేసుకున్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉంది, కాలేజీలో సిస్టమ్ ముందు కూర్చునేది వారానికి కొన్ని గంటలే.

వాడు జాగ్రత్తగానే చేశాడు. ఇన్‌స్టాలర్‌లో కొత్త డ్రైవ్‌నే ఎంచుకున్నాడు. బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలని అడిగితే అక్కడా కొత్త డ్రైవ్‌నే చూపించాడు. స్క్రీన్ ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నాడు, తర్వాత నాకు చూపించాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. మూడు నెలలు అన్నీ బాగానే నడిచాయి. ఆన్ చేస్తే మెనూ వచ్చేది. వాడికి లైనక్స్, వాళ్ల నాన్నకు విండోస్.

సంక్రాంతి వారంలో పాత 1 టీబీ డిస్క్ టక్కు టక్కుమని చప్పుడు మొదలుపెట్టింది. చిన్నాన్న నంద్యాలలో తనకు తెలిసిన కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేశాడు. "అది పోయేటట్టుంది సార్, కేబుల్ పీకి పక్కన పెట్టండి. విండోస్ ఎట్లా ఎస్ఎస్‌డీలో ఉంది కదా" అన్నాడట. తర్కం బాగానే ఉంది. చిన్నాన్న పీకాడు. ఆన్ చేశాడు. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు: సరైన బూట్ డివైస్ ఎంచుకుని మళ్లీ స్టార్ట్ చేయండి.

విండోస్ లేదు, లైనక్స్ లేదు. కార్తీకమాసం పెళ్లిళ్ల మిక్సింగ్ ఇంకా రెండు మిగిలి ఉన్నాయి.

మర్నాడు సీపీయూ నంద్యాల చేరింది. (మనవైపు సీపీయూ అంటే డబ్బా మొత్తం. కాలేజీలో ప్రాసెసర్ ఒక్కటే సీపీయూ అని చెప్తారు గానీ బయటికొస్తే ఎవరూ ఒప్పుకోరు.) షాపతను చూసి తీర్పు చెప్పేశాడు. "లైనక్స్ వేసినారు కదా, అది విండోస్‌ను తినేసింది. మొత్తం ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా వేస్తే గానీ కాదు."

నేను హైదరాబాద్ నుంచి పండక్కి ఇంటికొచ్చి ఉన్నా. మాది నూనెపల్లె. చిన్నాన్న ఫోన్ చేసినప్పుడు గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. "అమ్మా, వీడు ఏదో వేసినాడు, అంతా పోయిందంటున్నారు. ఫార్మాట్ అంటున్నాడు. నువ్వొక్కసారి పోయి చూస్తావా?" వెనకాల పిన్ని తమ్ముణ్ణి తిడుతున్న తిట్లు స్పష్టంగా వినపడుతున్నాయి.

నేను బండేసుకుని వెళ్లేసరికి షాపతను పాత డిస్కును మళ్లీ తగిలించి ఆన్ చేసి ఉన్నాడు. విచిత్రంగా ఈసారి విండోస్ మొదలైంది! మెనూ లేదు, నేరుగా విండోస్. కానీ లోపలికి పోకుండా, డిస్కును స్కాన్ చేసి రిపేర్ చేస్తున్నా అంటూ 11 శాతం దగ్గర ఆగింది. టక్కు టక్కు.

"అన్నా, ఆఫ్ చేయండి" అన్నా.

"రిపేర్ అవుతోంది మేడమ్, మధ్యలో ఆపకూడదు."

చిన్నాన్న వైపు చూసి చెప్తున్నాడు, నా వైపు కాదు. అది నాకు అలవాటే. చావుబతుకుల్లో ఉన్న డిస్కును విండోస్ చేతికి రిపేర్ కోసం ఇవ్వడమంటే, గుండెపోటు వచ్చినవాణ్ణి లేపి మెట్లెక్కించడమే. ఆ స్కాన్ పని ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేయడం. కింద ఉన్న డిస్కే అరిగిపోతుంటే అది చదివిన చోటే పదిసార్లు చదివిస్తుంది, మధ్యలో తన లెక్క ప్రకారం దిద్దుబాట్లు రాస్తుంది, ఉన్న ప్రాణం తీస్తుంది. చిన్నాన్నకు ఒక్క మాట అడిగా: "ఆ పాత డిస్కులో ఏముంది?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "2017 నుంచి 2019 దాకా పెళ్లిళ్లు. మీ అక్కది కూడా."

మా అక్క పెళ్లి 2018లో. చిన్నాన్నే తీశాడు. మా జేజి కదులుతూ మాట్లాడుతూ ఉన్న వీడియో ప్రపంచంలో అదొక్కటే. తర్వాతి ఏడాదే పోయింది. డీవీడీ మా ఇంట్లో ఉండేది. గీతలు పడి ఎప్పుడో ఆగిపోయింది, అయినా ఇప్పుడు డీవీడీ పెట్టే ప్లేయరే ఎవరింట్లో ఉంది?

స్విచ్ నేనే ఆపేశా. సీపీయూ ఆటోలో పెట్టుకుని నూనెపల్లె తెచ్చేశా. దారిలో 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొన్నాం.

ఇక్కడ కొంచెం ఆగి, ఆన్ బటన్ నొక్కాక అసలేం జరుగుతుందో చెప్తా. ఇది అర్థమైతే మిగతాదంతా కథలా సాగిపోతుంది.

పాతకాలంలో, అంటే 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నుంచి మొన్నమొన్నటిదాకా, బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ డిస్కు మొట్టమొదటి సెక్టార్ చదివేది. 512 బైట్లు. అందులోనూ బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లే. ఈ పేరా అంత కూడా ఉండదు. ఆ కొద్దిపాటి కోడే మిగతాదాన్ని వెతుక్కోవాలి. ఇప్పుడు యూఈఎఫ్ఐ అని వేరే పద్ధతి. దీన్ని బస్టాండులో విచారణ కౌంటర్ అనుకోండి. కౌంటర్లో ఉన్నాయన దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. అది మదర్‌బోర్డు మీద చిప్పులో ఉంటుంది, డిస్కులో కాదు. పుస్తకంలో ఇలా రాసి ఉంటుంది: "విండోస్ కావాలా? ఫలానా డిస్కు, ఫలానా పార్టిషన్, ఫలానా ఫైలు. లైనక్స్ కావాలా? ఫలానా డిస్కు, ఫలానా పార్టిషన్, ఫలానా ఫైలు." ఆ ఫైళ్లుండే పార్టిషన్ పేరు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. సాధారణంగా 100 నుంచి 500 ఎంబీ, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంటుంది. మీ ఫైల్ మేనేజర్‌లో కనపడదు. దానికి సీ, డీ లాంటి అక్షరం కూడా ఉండదు.

చూడండి, ఇక్కడుంది మెలిక. విండోస్ ఎస్ఎస్‌డీలో ఉండటం వేరు, విండోస్‌ను లేపే ఫైలు ఎక్కడుందన్నది వేరు. రెండూ ఒకే డిస్కులో ఉండాలని రూలేం లేదు. బస్సు నంద్యాలలో ఉన్నా తాళంచెవి ఆళ్లగడ్డలో ఉండొచ్చు.

షాపులో నేను చూసిన రెండు ముక్కలు కలిపితే అనుమానం అప్పుడే వచ్చేసింది. పాత డిస్క్ లేకపోతే ఏదీ లేవదు, ఉంటే విండోస్ లేస్తుంది. లైనక్స్ విండోస్‌ను తినేసి ఉంటే ఈ రెండోది జరగదు.

ముందు డేటా సంగతి. తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చాడు. కర్నూలు-కడప హైవే కాబట్టి గంటలో దిగిపోయాడు. ముఖం చూస్తే రెండు రోజులుగా అన్నం తిన్నట్టు లేదు. "అక్కా, నేను కొత్త డ్రైవే సెలెక్ట్ చేసినాను. నిజంగా" అన్నాడు గుమ్మంలోనే. ఫోన్ తీసి స్క్రీన్ ఫొటోలు చూపించాడు. వాడు చెప్పింది నిజమే.

మా ఇంట్లో మానిటర్ లేదు. టీవీకే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాం. అమ్మ సీరియల్ టైమ్ అది, ఏమీ అనలేదు. అక్క పెళ్లి వీడియో అని చెప్పాక తనే వచ్చి సోఫాలో కూర్చుంది, తెర మీద అంకెలు పరిగెడుతుంటే చూస్తూ.

మొదట 2 టీబీ డేటా డిస్క్, ఎస్ఎస్‌డీ, కొత్త డ్రైవ్.. మూడూ విప్పి పక్కన పెట్టించా. లైనక్స్‌లో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు వస్తాయి. ఆ పేర్లు ఆధార్ నంబర్లలాంటివి కావు. ఈసారి ఏ అయింది వచ్చేసారి బీ కావచ్చు. రాత్రి పదకొండుకు నిద్రకళ్లతో పని చేసేటప్పుడు తప్పు డిస్కు మీద రాసేయకుండా ఉండాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కంటే స్క్రూడ్రైవరే నమ్మకం.

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లైనక్స్ లేపి, డీడీరెస్క్యూ అనే టూల్ నడిపాం. గ్నూ వాళ్లది, ఉచితం. దీని తెలివి ఎక్కడుందంటే, చదవలేని చోట మొండిగా కూర్చోదు. ముందు తేలిగ్గా వచ్చేదంతా ఏరుకుంటుంది, కష్టమైన చోట్లను రాసిపెట్టుకుని దాటేసి, చివర్లో మళ్లీ వెనక్కి వస్తుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాయమని మనకు చెప్పినట్టే. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో ఎప్పటికప్పుడు నోట్ చేసుకుంటుంది. రాత్రి రెండింటప్పుడు కరెంట్ పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగలేదు. కరెంట్ వచ్చాక అదే కమాండ్ మళ్లీ ఇస్తే, ఆగిన చోటు నుంచే అందుకుంది. తమ్ముడు అప్పుడు మొదటిసారి నవ్వాడు.

పొద్దున పదకొండుకు అయింది. 1 టీబీలో చదవలేకపోయింది 38 ఎంబీ.

అసలు డిస్కును విప్పేసి, కాపీని తెరిచాం. మొదటి పార్టిషన్ 100 ఎంబీ. అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఒకటి, దాని పక్కనే తమ్ముడు వేసిన లైనక్స్ పేరుతో ఇంకొక ఫోల్డర్. రెండు తాళంచెవులూ అక్కడే, ఒకే మేకుకు వేలాడుతూ. తర్వాత తమ్ముడి కొత్త డ్రైవ్ తగిలించి చూశాం. దాంట్లో ఇన్‌స్టాలర్ 512 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ బుద్ధిగా తయారుచేసి పెట్టింది. లోపల ఏమీ లేదు. కొత్త ఇల్లు కట్టి, గేటు కూడా పెట్టి, తాళంచెవి మాత్రం పక్కింటివాళ్లకు ఇచ్చి పోయినట్టు.

తమ్ముడు కొత్త డ్రైవ్‌నే ఎంచుకున్నా ఇలా ఎందుకైంది? కొన్ని లైనక్స్ ఇన్‌స్టాలర్లకు ఈ అలవాటు ఏళ్ల తరబడి ఉంది. బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలని మిమ్మల్ని అడుగుతాయి. మీరు చెప్పింది వింటాయి. ఆ తర్వాత కంప్యూటర్‌లో మొదట కనపడ్డ ఈఎఫ్ఐ పార్టిషన్ ఏదైతే దాంట్లోనే పెట్టేస్తాయి. ఆ ప్రశ్న పాత బయోస్ కాలం నాటిది, యూఈఎఫ్ఐలో దానికి పెద్దగా అర్థం లేదు. అర్థం లేని ప్రశ్న అడగడం ఎందుకని నాకిప్పటికీ చిరాకే.

మరి విండోస్? అదేం తక్కువ తినలేదు. 2020లో ఎస్ఎస్‌డీ తగిలించి విండోస్ వేసినప్పుడు పాత హార్డ్ డిస్క్ కూడా లోపలే ఉంది. అక్కడ అప్పటికే ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ కనపడేసరికి విండోస్ ఇన్‌స్టాలర్ దాన్నే వాడేసుకుంది, ఎస్ఎస్‌డీలో వేరేది చేయలేదు. అంటే తమ్ముడు లైనక్స్ పేరు కూడా వినకముందే, ఈ కంప్యూటర్ ఆ పాత డిస్క్ మీద ఆధారపడి ఉంది. ఆ రోజు లైనక్స్ లేకపోయినా, పాత డిస్క్ పీకితే ఇదే నల్ల స్క్రీన్.

తమ్ముడు ఇది విని ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి, "ఇది నువ్వే చెప్పక్కా నాన్నకు. నేను చెప్తే నమ్మడు" అన్నాడు.

ఒక చిన్న పక్కదారి. లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు తను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లోకానికి చెప్పింది 1991 ఆగస్టు 25న. ఏదో సరదాకి, పెద్దదేం కాదు అన్నాడు. అదే ఏడాది నవంబర్‌లో అప్పటికే ప్రధాని అయిన పీవీ నరసింహారావు మా నంద్యాల నుంచి ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచాడు. మా ఊళ్లో 1991 అంటే అందరికీ పీవీనే గుర్తొస్తాడు. తమ్ముడికి రెండోది కూడా చెప్పా. వాడికి మొదటిదే తెలీదు!

మధ్యాహ్నం డబ్బాతో సహా ఆళ్లగడ్డ వెళ్లాం. ఎడియస్ డోంగిల్, మానిటర్ అన్నీ అక్కడే ఉన్నాయి. పని అక్కడే పూర్తి చేసి చూపిస్తే గానీ చిన్నాన్నకు నమ్మకం కలగదు. పాత డిస్క్ మాత్రం నంద్యాలలోనే వదిలేశా.

లైనక్స్ వైపు తేలిక. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, తమ్ముడి లైనక్స్‌ను మౌంట్ చేసి, ఖాళీగా ఉన్న ఆ 512 ఎంబీ పార్టిషన్‌ను దాని బూట్ ఫోల్డర్‌కు తగిలించి, లోపలికి దూరి గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. దీన్ని క్రూట్ అంటారు. బయట నిలబడి, లోపలున్న ఇంట్లోనే ఉన్నట్టు పని చేయడం. కీబోర్డ్ వాడి చేతికే ఇచ్చా. నేను చెప్పడం, వాడు కొట్టడం. అయిపోయాక ఎఫీబూట్‌మేనేజర్ కమాండ్‌తో కౌంటర్ పుస్తకం తెరిచి చూశాం. కొత్త లైన్ పడింది, కొత్త డ్రైవ్ పేరుతో.

రీస్టార్ట్. గ్రబ్ వచ్చింది. వెనక నిలబడ్డ పిన్ని "వచ్చె, వచ్చె" అంది. తర్వాత ఒకటిన్నర నిమిషం ఏమీ కదల్లేదు. ఆపైన ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర.

తమ్ముడి ముఖం మళ్లీ పాలిపోయింది. ఇది నేను ఎదురుచూస్తున్నదే. లైనక్స్ లేచేటప్పుడు ఏయే పార్టిషన్లు ఎక్కడ తగిలించాలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో రాసి ఉంటుంది. అందులో ఈఎఫ్ఐ పార్టిషన్ చిరునామా ఇంకా పాత డిస్కుదే ఉంది. లేని డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, విసుగొచ్చి ఆగిపోయింది. చాలామంది ఇక్కడిదాకా వచ్చి, పని కాలేదనుకుని మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మార్చాల్సింది ఒక్క లైన్. పాత నంబర్ తీసేసి కొత్త పార్టిషన్ నంబర్ రాయడం, అంతే. వాణ్ణే వెతకమన్నా. నాలుగు నిమిషాల్లో పట్టుకున్నాడు. ఈసారి డెస్క్‌టాప్ వచ్చింది.

విండోస్‌కు ఎక్కువ టైమ్ పట్టింది. దాని తాళంచెవి కూడా తమ్ముడి డ్రైవ్‌లోనే పెట్టేస్తే పని తొందరగా అయిపోయేది. కానీ రేపు వాడు ఆ డ్రైవ్ విప్పుకుని హాస్టల్‌కు పోతే? మళ్లీ ఇదే కథ. ఎవరి డిస్క్ వాళ్ల కాళ్ల మీద నిలబడాలి. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకుండా, కమాండ్ ప్రాంప్ట్ తెరిచాం. డిస్క్‌పార్ట్‌తో సీ డ్రైవ్‌ను ఒక 300 ఎంబీ కుదించి, ఆ జాగాలో ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాం. తర్వాత బీసీడీబూట్ అనే కమాండ్. విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, బూట్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్తే కొత్త తాళంచెవి చేసి పెడుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ పెన్‌డ్రైవ్ నుంచి లేచినప్పుడు మీ సీ డ్రైవ్‌కు సీ అనే అక్షరమే ఉంటుందని నమ్మకండి. మాకు అది ఈ అయి కూర్చుంది.

పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేశాం. విండోస్ గుర్తు, దాని కింద చుట్టూ తిరిగే చుక్కలు. చిన్నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎడియస్ తెరిచాడు. ప్రాజెక్ట్ లోడ్ అయింది. 2 టీబీ డిస్క్ తగిలించాక టైమ్‌లైన్ మీద కార్తీకమాసం పెళ్లికూతురు నవ్వింది. ఆయన ఏమీ అనలేదు, మౌస్ పట్టుకుని రెండు కట్‌లు చేశాడు. అది ఆయన ఊపిరి తీసుకునే పద్ధతి.

తమ్ముడు గ్రబ్ మెనూలో విండోస్ కనపడట్లేదన్నాడు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే పనిని డిఫాల్ట్‌గా ఆపేశారు, సెట్టింగ్ మార్చి మళ్లీ తెప్పించొచ్చు. మేం తెప్పించలేదు. చిన్నాన్నకు ఆ మెనూ అసలు ఎదురుపడనే కూడదని నా ఉద్దేశం. పుస్తకంలో విండోస్‌ను మొదటి లైన్‌కు మార్చాం. ఆన్ చేస్తే నేరుగా విండోస్. తమ్ముడికి లైనక్స్ కావాలంటే ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి ఎంచుకుంటాడు. (మీ బోర్డులో అది ఎఫ్8 కావచ్చు, ఎఫ్11 కావచ్చు.) అందంగా లేదు గానీ, స్టూడియోలో పనిచేసే పిల్లోడు పొరపాటున లైనక్స్‌లోకి పోయి "సార్, కంప్యూటర్ మారిపోయింది" అని అరిచే రోజు రాదు.

చిన్నాన్నకు అప్పుడు చెప్పా, 2020 సంగతి. మొత్తం విన్నాడు. "అయితే వీడిది కాదన్నమాట" అన్నాడు.

"కాదు చిన్నాన్నా. ఇప్పుడు బాగుచేసింది కూడా వాడే. నేను కీబోర్డ్ ముట్టుకోలేదు."

"ఊ" అన్నాడు. సారీ చెప్పే అలవాటు మా ఇంటా వంటా లేదు. సాయంత్రం బిర్యానీ తెప్పించాడు, తమ్ముడి ప్లేట్‌లోకి రెండు ముక్కలు ఎక్కువేశాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. చిన్నాన్న ప్రాసెసర్ ఇంటెల్ ఏడో తరంది. విండోస్ 11కు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అర్హత, పైగా టీపీఎం 2.0 ఉండాలి. ఇలాంటి డబ్బాలు మన ఊళ్లలో నెట్ సెంటర్లలో, స్టూడియోల్లో, మీసేవల్లో ఎన్నో ఉన్నాయి. చాలావాటిలో ఏళ్ల కొద్దీ ఒకదాని మీద ఒకటి తగిలించిన డిస్కులుంటాయి. మీలో కొందరు పక్కన లైనక్స్ వేద్దామనుకుంటారు. వేయండి. వేసేముందు డబ్బా తెరిచి, ఏ డిస్క్‌లోకి వేస్తున్నారో అది తప్ప మిగతా అన్నిటి కేబుల్స్ పీకండి. అప్పుడు ఇన్‌స్టాలర్‌కు వేరే దారి ఉండదు, ఉన్న డిస్కులోనే అన్నీ పెట్టుకుంటుంది. అయిపోయాక మళ్లీ తగిలించుకోండి. ల్యాప్‌టాప్ అయి, పీకడం కుదరకపోతే, ఇన్‌స్టాల్ అయ్యాక ఒక్కసారి ఎఫీబూట్‌మేనేజర్ చూసి, కొత్త లైన్ ఏ డిస్క్ పేరుతో ఉందో సరిచూసుకోండి. విండోస్ వేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. "ఫార్మాట్ కొడదాం" అని ఎవరైనా అంటే, ముందు ఏ డిస్కు అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్ల చేతికి డబ్బా ఇవ్వొద్దు.

పాత డిస్కులో చదవలేకపోయిన ఆ 38 ఎంబీ ఎక్కడ పడిందో తర్వాత చూశాం. చాలావరకు ఖాళీ జాగాలో. అక్క పెళ్లి ఫోల్డర్‌లో అన్నీ ఉన్నాయి. జేజి ఉన్న క్లిప్ 40 సెకన్లు. తలంబ్రాల టైమ్‌లో కెమెరా తన మీదికి తిరిగితే, "నన్నెందుకురా తీస్తావు, పెళ్లికూతుర్ని తీయి" అని చిన్నాన్నను కసురుతుంది. అమ్మ దాన్ని ఫోన్‌లో వేయించుకుంది. మొత్తం మీద దెబ్బతిన్నవి మూడు ఫైళ్లు. ఒకటి ఎవరిదో పాటల సీడీ కాపీ, అది పోతే పోయింది. మిగతా రెండూ కోవెలకుంట్ల వైపు రెండు కుటుంబాల రిసెప్షన్ వీడియోలు. చిన్నాన్న వాళ్ల పాత నంబర్లు వెతికి ఫోన్ చేశాడు, మీ దగ్గర డీవీడీ ఏమైనా ఉందా అని. ఒకాయన ఉందన్నాడు, పెన్‌డ్రైవ్‌లో వేయించి పంపించాడు కూడా. రెండోవాళ్ల నంబర్ మారిపోయింది. ఆ ఊరి నుంచి స్టూడియోకు ఎవరొచ్చినా ఇప్పటికీ వాళ్ల గురించి అడుగుతూనే ఉన్నాడు.